ఒకటే ఉందేంటి

ఆరువేల చుట్లు తిరిగే లూపులో తప్పు ఎక్కడుందో వెతకడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి మా బావ పద్ధతి, రెండోది మనుషుల పద్ధతి. ఈ మాట నేను ఆఫీసులో కనీసం వందసార్లు అని ఉంటాను. అన్నప్పుడల్లా అందరూ నవ్వేవాళ్ళు. బావ కూడా నవ్వేవాడు.

లూపంటే తెలియనివాళ్ళకు చెబుతాను. ఒకే పనిని కంప్యూటరు చేత మళ్ళీ మళ్ళీ చేయించడమే లూపు. మా కంపెనీ ఆస్పత్రుల లేబొరేటరీలకు ప్రోగ్రాములు రాస్తుంది. లేబుకు వచ్చిన రక్తం సీసాలన్నిటికీ రిపోర్టులు తయారు కావాలి. లూపు ఒక్కో చుట్టులో ఒక్కో సీసాను పట్టుకుంటుంది. ముందు దాని ఫలితం తెస్తుంది, తర్వాత అది ఎవరిదో పేరు తెస్తుంది, రెండూ కలిపి కాగితం మీదికి పంపి తర్వాతి సీసాకు పోతుంది. ఆరువేల సీసాలైతే ఆరువేల చుట్లు. మనం రెప్ప వేసి తెరిచేలోగా సగం అయిపోతాయి.

అందులో ఎక్కడో ఒక చుట్టు తప్పిందంటే పట్టుకోవడం కష్టం. అందుకని ప్రోగ్రాములో ఒక వరుస పక్కన ఎర్రచుక్క పెడతాం. లూపు ఆ వరుస దగ్గరికి వచ్చిన ప్రతిసారీ ఆగి నిలబడుతుంది. దాన్ని బ్రేక్‌పాయింట్ అంటారు. ఆగినప్పుడు, కంప్యూటరు అంకెలు దాచుకునే డబ్బాల్లో దేనిలో ఏముందో చూసుకుని, మీట నొక్కి, ముందుకు పంపాలి. బావ అలా నొక్కుకుంటూ, కాగితం మీద అయిదేసి గీతలు గీసుకుంటూ, మూడొందల చుట్ల దాకా వెళ్ళడం నేను కళ్ళారా చూశాను. ఒక్కో మెట్టూ ఎక్కి చూస్తే గాని నమ్మడని ఆఫీసులో ఆయనకు మెట్ల మాస్టారని పేరు పెట్టారు. పెట్టింది నేనే.

నా పద్ధతి వేరు. నేను ఎర్రచుక్కకు ఒక షరతు తగిలిస్తాను. ఫలానా నంబరు సీసా అయితేనే ఆగు, లేకపోతే నీ దారిన నువ్వు పో అని రాస్తాను. దాన్ని కండిషనల్ బ్రేక్‌పాయింట్ అంటారు. లూపు మిగతా సీసాలన్నీ దాటుకుంటూ వెళ్ళి, నాకు కావలసిన సీసా దగ్గరే ఆగుతుంది.

"నొక్కీ నొక్కీ వేలరిగిపోతుంది బావా. ఒక్క షరతు రాసి పారెయ్" అనేదాన్ని.

"తప్పు ఏ చుట్టులో ఉందో నీకు ముందే తెలుసు కాబట్టి షరతు పెడతావు. నాకు తెలీదు కదమ్మా. అందుకే అన్నీ చూస్తాను" అనేవాడు.

నాకు ప్రోగ్రాములు నేర్పింది ఆ మెట్ల మాస్టారే. అక్కకు పెళ్ళయిన ఏడాది నేను ఇంకా కాలేజీలో ఉన్నాను. సెలవు దొరికితే చాలు, వాళ్ళింట్లో దిగబడేదాన్ని. భోజనాల బల్ల తుడిచి, దాని మీదే ఒక పాత కంప్యూటరు పెట్టి నేర్పేవాడు. మొదటి వారంలోనే ఒక మాట చెప్పాడు.

"సమానం గుర్తు ఒకటి పెడితే ఆజ్ఞ. ఈ డబ్బాలో ఈ అంకె పెట్టు అని. రెండు పక్కపక్కన పెడితే ప్రశ్న. ఈ డబ్బాలో ఉన్నది ఈ అంకేనా అని. రెండోది మర్చిపోయావనుకో, అడగబోయి పెట్టేస్తావు. లోపలున్నది కాస్తా పోతుంది. కంప్యూటరు నోరెత్తదు."

"ఇంత చిన్నదానికి అంత రాద్ధాంతమా?"

"ఆజ్ఞలెయ్యడం నీకు పుట్టుకతోనే వచ్చు. అడగడం నేర్చుకో, మరదలు పిల్లా."

"అమ్మ ఇరవయ్యేళ్ళు చూసి చేతులెత్తేసింది. మీవల్లేం అవుతుంది?" అంది అక్క వంటింట్లోంచి.

ముగ్గురం నవ్వుకున్నాం. ఆ తర్వాత తన కంపెనీలోనే నన్ను చేర్పించాడు. నా చేతివేగం చూసి పైవాళ్ళు మురిసిపోయారు. పదేళ్ళు తిరిగేసరికి నేను ఆయనకు పైదాన్నయ్యాను. ఆయన ముఖంలో చిన్న ముడత కూడా కనిపించలేదు. ఇంటికి వెళ్ళి, "నా శిష్యురాలు నాకే బాస్" అని అక్కకు గొప్పగా చెప్పాడట. నేను మాత్రం ఆ కుర్చీలో కాస్త ఎక్కువే బిగుసుకుని కూర్చున్నానని ఇప్పుడు అనిపిస్తుంది.

అసలు సంగతి ఆరేళ్ళ కిందటిది. మా ప్రోగ్రాము వాడే ఒక ఆస్పత్రిలో ఒక బస్సు డ్రైవరుకు వేరేవాళ్ళ రిపోర్టు వెళ్ళింది. ఆయన మూత్రపిండాలు పాడవుతున్నాయి. చేతికి వచ్చిన కాగితంలో అంతా బాగుందని ఉంది. పదకొండు రోజులు మందు లేకుండా తిరిగాడు. ప్రాణం దక్కింది గాని మళ్ళీ స్టీరింగు పట్టుకోలేకపోయాడు. ఆస్పత్రి పెద్ద డాక్టరు స్వయంగా మా ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు. తప్పు ఎక్కడ జరిగిందో, ఎవరు చేశారో కాగితం మీద రాసివ్వమన్నాడు. డ్రైవరు సీసా నంబరు రెండువేల మూడువందల పదహారు. రిపోర్టులు తయారుచేసే లూపు బావ రాసింది.

పొడుగాటి గదిలో ఎనిమిదిమందిమి కూర్చున్నాం. గోడ మీది తెర మీద ప్రోగ్రాము కనిపిస్తోంది. ఆ రోజు లేబులో నమోదైన సీసాల జాబితా మొత్తం తెప్పించి లూపుకు ఎక్కించాం. బావ లేచి, "రేపటి దాకా టైమివ్వండి. మొదటి సీసా నుంచి ఒక్కోటీ చూసుకుంటూ వస్తాను" అన్నాడు.

డాక్టరు వాచీ చూసుకున్నాడు. మేనేజరు నా వైపు చూశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. మా బావ నత్తనడక వల్ల నా పరువు కూడా పోతోందని ఒళ్ళు మండింది.

"రెండువేల మూడొందల సార్లు మీట నొక్కుతుంటే డాక్టరుగారు ఇక్కడే పడుకోవాలి. నాకు రెండు నిమిషాలు చాలు" అని కీబోర్డు నా ముందుకు లాక్కున్నాను.

పేరు తెచ్చే వరుస పక్కన ఎర్రచుక్క పెట్టాను. దానికి షరతు రాశాను. లూపు మొదలుపెట్టాను. ఠక్కున ఆగింది.

ఆ ఠక్కునలోనే ఉంది అంతా. షరతు ఉన్న చుక్క దగ్గర లూపు ప్రతి చుట్టులోనూ ఒక క్షణం తటపటాయిస్తుంది. రెండువేల మూడొందల చుట్లు తిరిగి రావాలంటే అర నిమిషమైనా పట్టాలి. పట్టలేదు. నా చేతివేగానికి కంప్యూటరు కూడా బెదిరిందనుకున్నానేమో, నాకు అనుమానమే రాలేదు.

మీట నొక్కి ఒక్క వరుస ముందుకు పంపాను. తెర మీద నంబరు రెండువేల మూడువందల పదహారు. పేరు బస్సు డ్రైవరుది. ఫలితం వేరేవాళ్ళది.

"చూశారా? ఇదిగో, ఇక్కడ" అన్నాను, కొండను తవ్వి ఎలుకను కాదు, పులిని పట్టినంత గర్వంగా. ఆ ఫలితం డ్రైవరు చేతికి వెళ్ళిన కాగితంలోని ఫలితమేనా అని పోల్చి చూడాలని కూడా తోచలేదు. డ్రైవరుది కాదు, నాకు అది చాలు.

బావ ముందుకు వంగాడు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని తెర వైపు చూశాడు. అందరూ ఫలితం చూస్తుంటే ఆయన ఒక్కడూ కింద మూల ఉన్న చిన్న గడి వైపు చూస్తున్నాడు.

"అక్కడ ఒకటే ఉందేంటి?" అన్నాడు.

నేను సర్రుమన్నాను. "ఒకటి చాలదా మాస్టారూ? ఒక మనిషి ప్రాణం మీదికి రావడానికి మీకింకా ఎన్ని తప్పులు కావాలి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. అంతకుముందెప్పుడూ నేను ఆయన్ని ముఖం మీద మాస్టారూ అనలేదు. పదిమందిలోనూ నువ్వనే అనేదాన్ని, బావా అనే పిలిచేదాన్ని. బావ నా ముఖంలోకి చూశాడు. కళ్ళజోడు మళ్ళీ కిందికి దించుకున్నాడు. ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. నేను తెర ఆపేశాను.

ఆ మధ్యాహ్నమే ఆయన చేత రాజీనామా రాయించారు. కాగితం మీద తప్పు చేసిన మనిషిగా ఆయన పేరు వెళ్ళింది. కింద, పరిశీలించినవారు అన్నచోట నా సంతకం ఉంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. అక్క నర్సు, మరో ఆస్పత్రిలో. ఒకరి రిపోర్టు ఇంకొకరికి వెళ్ళడమంటే ఆమె దృష్టిలో పసిపిల్లను నూతిలో పడేసినంత పాపం.

"మీ బావ ఇంటికొచ్చి అన్నం కూడా ముట్టలేదే. తన తప్పు కాదంటున్నారు. నువ్వు రాసినదాంట్లోనే ఏదో ఒకటి ఉంది, రెండుండాలి అంటున్నారు. నాకేం అర్థం కాలేదు. ఒక్కసారి చూస్తావా?"

అప్పటికి నేను చెప్పులు తొడుక్కుని బయల్దేరబోతున్నాను. కంప్యూటరు ఆపేసి ఉంది. మళ్ళీ తెరిచి చూడటానికి అయిదు నిమిషాలు పట్టేది.

"అన్నీ చూశానక్కా. ఏమీ లేదు. తప్పు దొరికినవాళ్ళు ఏదో ఒకటి అంటారు, పట్టించుకోకు" అన్నాను.

నేను చూడలేదు.

"అంతేలే" అంది అక్క. "నువ్వు చూశావుగా. చాలు" అని పెట్టేసింది.

ఆ తర్వాత మేం విడిపోయామనుకుంటారేమో, అదేం లేదు. అక్కకు నా మీద కోపం రాలేదు. పైగా మొగుడు చేసిన పనికి నా ముందు తలదించుకుంది. "నీకెంత ఇబ్బంది తెచ్చిపెట్టారో" అని నన్నే ఓదార్చింది. నాకు అది హాయిగానే ఉండింది. ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది గాని నిజం అదే.

మారింది బావ బతుకు. ఆయనకు ఒక అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దే పని దొరికింది. బడిపుస్తకాలు. వరుస కింద స్కేలు పెట్టి, ఒక్కో అక్షరం చదివి దిద్దుతాడు. ఇంట్లో మాత్రం ఆయన చేసిన ఏ పనినీ ఎవరూ ఒక్కసారితో నమ్మేవాళ్ళు కాదు. బావ గ్యాసు కట్టేస్తే అక్క వెళ్ళి మళ్ళీ చూసేది. తాళం వేస్తే పక్కకు జరిగి నిలబడేవాడు, అక్క ఒకసారి లాగి చూసేది. కసిరేది కాదు, దెప్పేది కాదు. మందు ఇచ్చేముందు ఇంకో నర్సు చేత చూపించుకునే అలవాటుతోనే చేసేది. అదే ఇంకా ఘోరం. ఒకసారి వాళ్ళ పాప కాలేజీ అప్లికేషను పట్టుకుని మా ఇంటికి వచ్చింది.

"నాన్న నింపాడు పిన్నీ. నీకోసారి చూపించమంది అమ్మ."

చూశాను. ముత్యాల్లాంటి అక్షరాలు. ఒక్క పొల్లు కూడా తప్పు లేదు. "బానే ఉంది" అని ఇచ్చేశాను. పుట్టినప్పటి నుంచి ఏ పనీ రెండుసార్లు చూసుకోనిదాన్ని నేను. మనిషి జన్మలో చూడగలిగినంత జాగ్రత్త ఆయనది. ఆయన రాతను పిల్ల నా చేత దిద్దించుకోవడానికి వచ్చింది. నాకు ఆ రోజు అందులో విడ్డూరమేమీ కనిపించలేదు.

బావ నాతో మాట్లాడటం మానలేదు. వెళితే, "రండి" అనేవాడు. "కూర్చోండి" అనేవాడు. గదిలో నేను ఆయన్ని మీరు అన్నాను కదా, అప్పటి నుంచి ఆయన కూడా నన్ను మీరు అన్నాడు. మరదలు పిల్ల అన్న మాట ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు.

ఇంకో సంగతి కూడా దాచకుండా చెప్పాలి. బావ వెళ్ళిన ఏడాదికి అదే ఆస్పత్రిలో మళ్ళీ రెండు రిపోర్టులు తారుమారయ్యాయి. అప్పటికి ఆ లూపు నేను తిరగరాసినది. వెతికితే తప్పు ప్రోగ్రాములో లేదు. సీసాలకు నంబర్ల చీటీలు అచ్చువేసే యంత్రంలో కాగితం ఇరుక్కుంటే, లాగి సరిచేశాక అది ఒకే నంబరును రెండు చీటీల మీద వేస్తోంది. యంత్రం మార్చారు. బస్సు డ్రైవరుది కూడా ఇదేనేమో అని ఒక్క క్షణం అనిపించింది. ఆ ఆలోచన మీద కాలేసి తొక్కేశాను.

మొన్న మంగళవారం పాత ప్రోగ్రాములన్నీ కొత్త కంప్యూటర్లలోకి మార్చే పని పడింది. మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి ఒక్కోటీ తెరుస్తున్నాను. బావ రాసిన పాత లూపు కూడా తెరుచుకుంది. ఎర్రచుక్క అక్కడే ఉంది. మనం తీసెయ్యకపోతే ఆ చుక్కలు ప్రోగ్రాముతో పాటే ఉండిపోతాయి, షరతులతో సహా. తీసేద్దామని దాని మీద నొక్కాను. నేను రాసిన షరతు చిన్న గడిలో కనిపించింది. సీసా నంబరు, పక్కన సమానం గుర్తు, పక్కన రెండువేల మూడువందల పదహారు.

సమానం గుర్తు ఒకటే ఉంది.

ఏం జరిగిందో అర్థం చేసుకోవడానికి నాకు మీట నొక్కాల్సిన పని కూడా లేకపోయింది. మొదటి చుట్టులోనే, మొదటి సీసా ఫలితం అప్పటికే చేతిలో ఉండగా, పేరు తెచ్చే వరుస దగ్గర నా షరతు సీసా నంబరు రెండువేల మూడువందల పదహారా అని అడగలేదు. రెండువేల మూడువందల పదహారు అని పెట్టేసింది. పెట్టడం జరిగితే కంప్యూటరు దాన్ని అవుననే లెక్కేసుకుంటుంది, అందుకే ఆగింది. ఫలితం మొదటి సీసాది, పేరు డ్రైవరుది. లూపులో తప్పు లేదు. తప్పును వెతకడానికి వెళ్ళి నేనే అక్కడ తప్పు పెట్టి, నేనే పట్టుకుని, పదిమందికి చూపించాను.

అయినా నా మనసు ఇంకా ఏదో సందు వెతికింది. షరతును తీసేశాను. అప్పటి జాబితా మీదే మొదటి చుట్టు నుంచి మీట నొక్కుతూ, కాగితం మీద అయిదేసి గీతలు గీస్తూ, రెండువేల మూడువందల పదహారు దాకా వెళ్ళాను. బుధవారం సాయంత్రం దాకా పట్టింది. అన్ని చుట్లలోనూ జాబితాలో ఏ సీసా ఎవరిదని రాసి ఉందో వాళ్ళ పేరే వచ్చింది. లేబుకు ఫోన్ చేసి ఆ రోజు రిజిస్టరు తీయించాను. పొద్దున పది గంటలకు చీటీల యంత్రంలో కాగితం ఇరుక్కున్నట్టు రాసి ఉంది. డ్రైవరు నంబరే ఇంకో సీసా మీద కూడా పడింది, ఆ సీసా ఫలితమే ఆయన పేరు మీద వెళ్ళింది.

అప్పుడు వినిపించింది నాకు, ఆరేళ్ళు ఆలస్యంగా. "అక్కడ ఒకటే ఉందేంటి?" ఆయన తప్పుల లెక్క అడగలేదు. సమానం గుర్తు చూపించాడు. భోజనాల బల్ల దగ్గర మొదటి వారంలో నేర్పిన పాఠమే మళ్ళీ చెప్పబోయాడు. నేను నోరు మూయించాను.

గురువారం మేనేజరుకు అన్నీ రాసిచ్చాను. ఆయన చదివి, కాగితం మడిచి, "అయిపోయిన పెళ్ళికి మేళమెందుకమ్మా? ఆ డాక్టరు కూడా రిటైరైపోయాడు" అన్నాడు. ఆస్పత్రికి నేనే పంపించాను. అందిందని ఒక ముక్క వచ్చింది, అంతే. నా సంతకం ఉన్న కాగితం ఒక్క పూటలో ఆయన ఉద్యోగం తీసింది. దాన్ని కొట్టేసే కాగితానికి బల్ల మీద చోటు కూడా లేదు.

అక్కకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు కొట్టుకున్నాను. ఈ లోకంలో నా మాట మీద గుడ్డినమ్మకం ఉన్న మనిషి అక్క ఒక్కతే. చెబితే అది పోతుంది. చెప్పకపోతే బావ తాళం వేసి పక్కకు జరుగుతూనే ఉంటాడు. ఆదివారం పొద్దున్నే వెళ్ళాను.

బావ అదే భోజనాల బల్ల దగ్గర ప్రూఫులు ముందేసుకుని కూర్చున్నాడు. "రండి" అన్నాడు. అక్క డ్యూటీకి వెళ్ళడానికి జడ వేసుకుంటోంది. నేను కూర్చోలేదు. షరతు కనిపించేలా అచ్చు తీసిన కాగితం ఆయన స్కేలు పక్కన పెట్టాను.

"బావా, ఆ రోజు నువ్వన్నది నిజం. అక్కడ ఒకటే ఉంది."

ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని చూశాడు. స్కేలు తీసి ఆ వరుస కింద పెట్టి మళ్ళీ చూశాడు. సంతోషిస్తాడని కాదు గాని కనీసం కోప్పడతాడనుకున్నాను. అరిచినా బాగుండేది.

"ఒకటే ఉంది" అన్నాడు మెల్లగా. "చూశాననే అనుకున్నానండీ అప్పుడు. తర్వాత్తర్వాత, అందరూ అంటుంటే, నిజంగా చూశానో లేదో నాకే తెలీకుండా పోయింది. ఆ లూపు కాగితం మీద మళ్ళీ రాసుకుని ఎన్నిసార్లు చూసుకున్నానో. తప్పు దొరకలేదు. దొరక్కపోతే నాకు కనబడటం లేదనుకున్నాను."

"ఏంటి ఒకటి?" అంది అక్క, సగం జడ చేత్తో పట్టుకుని.

చెప్పాను. సమానం గుర్తు, చీటీల యంత్రం, రిజిస్టరు, అన్నీ. అక్కకు ప్రోగ్రాములు తెలియవు గాని తెలివికి తక్కువ లేదు. మధ్యలో ఆపలేదు. అంతా విని, ఒక్కో మాటే అడిగింది.

"ఆ రోజు నేను ఫోన్ చేశాను కదే?"

"చేశావు."

"ఒకటుంది, రెండుండాలంటున్నారు, చూస్తావా అన్నాను."

"అన్నావు."

"చూశానన్నావు."

"చూడలేదక్కా" అన్నాను. "ఇంటికెళ్ళే తొందరలో ఉన్నాను. అబద్ధం చెప్పాను."

అక్క జడ వదిలేసింది. "తప్పు ఎవరైనా చేస్తారు. మా వార్డులో నేనూ చేశాను" అంది. "కానీ పక్కనున్న నర్సు చూశాను అంటే, ఆ మాట మీద మేం మనిషికి సూది గుచ్చుతామే. ఆయన చెప్పారు. ఇంటికొచ్చి, నా తప్పు కాదు అని, నాకు ఒక్కదానికే చెప్పారు. నేను నీ మాట నమ్మాను."

నన్ను తిట్టలేదు. బావ వైపు చూడటానికి ప్రయత్నించి చూడలేక, జడ పూర్తిచేసుకోవడానికి అద్దం దగ్గరికి వెళ్ళింది. పాయలు జారిపోతున్నాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. కాలింది నా చేతులు కూడా కావు.

డ్యూటీకి టైమైంది. బావ ప్రూఫులు అచ్చాఫీసు వాళ్ళ ఇంట్లో ఇచ్చిరావాలి. ముగ్గురం కలిసే బయటికి వచ్చాం. వాళ్ళది మూడో అంతస్తు. బావ తలుపు మూసి, తాళం వేసి, చెవి తీసి, అలవాటు ప్రకారం పక్కకు జరిగి నిలబడ్డాడు.

అక్క తాళం ముట్టుకోలేదు.

"మీరు వేశారుగా" అని, చీర కుచ్చిళ్ళు పట్టుకుని గబగబా మెట్లు దిగిపోయింది.

బావ ఒక్కడే నిలబడ్డాడు. ఇంకా ఎవరో వచ్చి చూడాలన్నట్టు కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత తనే వంగి తాళం లాగి చూశాడు. రెండు మెట్లు దిగాడు. ఆగి, మళ్ళీ పైకెళ్ళి, మళ్ళీ లాగి చూశాడు. నాకంటే నాలుగు మెట్లు పైన ఉన్నాడు. నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో నా మీద కోపం కొంచెం కూడా లేదు.

"మరదలు పిల్లా, పడిందంటావా?" అన్నాడు.

ఆరేళ్ళ తర్వాత ఆ పిలుపు. పైకి వెళ్ళి లాగి చూస్తే నేను కూడా ఆయన్ని నమ్మనట్టే. చూడకుండా పడిందంటే మళ్ళీ అదే అబద్ధం. ఆజ్ఞలు తప్ప ఏమీ నేర్చుకోనిదాన్ని, నన్ను పట్టుకుని ఆయన అడుగుతున్నాడు. నేను మెట్ల మీదే నిలబడిపోయాను.

బావ మళ్ళీ తలుపు వైపు తిరిగాడు. తాళం లాగిన చప్పుడు మూడోసారి వినిపించింది. కింద మెట్ల మలుపులో అక్క గోడకు ఆనుకుని ఆ చప్పుడు వింటూ నిలబడి ఉంది.